జాగ్రత్తమ్మ కుట్టిన మువ్వలు

“కుక్కని నీళ్ళు లాక్కెళ్ళిపోతే దాని వెనకాల మీ నాన్న దూకుతారు. ఆయన వెనకాల నువ్వు దూకుతావు. చివరికి ఒడ్డున నేనొక్కదాన్నే మీ అందరి చెప్పులూ పట్టుకుని నిలబడాలి,” అంది జాగ్రత్తమ్మ.

అప్పటికింకా ఎవరూ ఎక్కడికీ బయల్దేరలేదు. కారు ఇంటి ముందే ఉంది. నీళ్ళు లాక్కెళ్ళబోయే కుక్క గడప మీద వెల్లకిలా పడుకుని గుర్రు పెడుతోంది. దూకబోయే మొగుడు డేరా సంచీని ఎటు తిప్పితే డిక్కీలో పడుతుందా అని తల గోక్కుంటున్నాడు. జలపాతమైతే సగం రోజు ప్రయాణం అవతల తన మానాన తను పడుతోంది.

ఆమె అసలు పేరు వీధిలో వాళ్ళు ఎప్పుడో మరిచిపోయారు. ఆమెది బట్టలు సరిచేసే దుకాణం. ప్యాంటు పొడవు తగ్గించుకున్నవాడికి దాన్ని మడిచి చేతికిస్తూ, “మెట్లు దిగేటప్పుడు జాగ్రత్త నాయనా, ఈ పొడవుకి నీ కాళ్ళు ఇంకా అలవాటు పడలేదు,” అంటుంది. జిప్పు మార్పించుకున్నావిడతో, “మెల్లిగా లాగమ్మా, చర్మం ఇరుక్కుంటుంది, జాగ్రత్త,” అంటుంది. ఒక్క గుండీ కుట్టించుకున్నవాళ్ళకి కూడా మినహాయింపు లేదు. గుండీకి జాగ్రత్త ఏమిటని ఎవరైనా అడిగితే, ఊడి పడితే పసిపిల్లలు మింగరా అని ఎదురడుగుతుంది. అలా జాగ్రత్తమ్మ అయింది. ఆ పేరు ఆమె చెవిన పడ్డ రోజు ఏమీ నొచ్చుకోలేదు. ఎవరో పలకరిస్తున్నారనుకుని, “ఆ, జాగ్రత్తగానే ఉన్నాం,” అని జవాబిచ్చింది.

దుకాణం ముందుగదిలో, కాపురం వెనక గదుల్లో. మిషను తొక్కుతూ తొక్కుతూ, దారం తెంపేటప్పుడో బాబిన్ మార్చేటప్పుడో, తల తిప్పకుండానే, “ఉన్నావా?” అని ఒక కేక వేస్తుంది. ఎవరిని అని ఉండదు. లోపల ఎవరుంటే వాళ్ళు, “ఉన్నా,” అనాలి. అంటే మిషను మళ్ళీ కదులుతుంది. లిఫ్టులు బాగుచేసే ఆమె మొగుడు నోట్లో నాలుక లేనివాడు, అయినా ఆ మాట మాత్రం నిద్రలో కూడా అంటాడు. కుక్క తోకతో నేల మీద టపటపా కొడుతుంది. కూతురు అమ్మడైతే మాటలు వచ్చిన నాటి నుంచీ పలుకుతూనే ఉంది.

ఈ మధ్యే మానేసింది. తల్లితో మాటలు మానలేదు. ఆకలేస్తోంది అంటుంది, తువ్వాలు ఎక్కడ అంటుంది. “ఉన్నావా?” అంటే మాత్రం పలకదు. పక్కగదిలో కుర్చీ కదిలిన చప్పుడు వినబడుతుంది గానీ గొంతు రాదు. జాగ్రత్తమ్మ మిషను ఆపి, లేచి వెళ్ళి, తలుపు సందులోంచి కూతుర్ని కళ్ళారా చూసుకుని వచ్చి మళ్ళీ కూర్చుంటుంది. దానితో దుకాణంలో పని వెనకబడిపోతోంది.

కారణం అడవి. జలపాతాల దగ్గర జనం వచ్చి డేరాలు వేసుకునే చోటొకటి ఉంది. దాన్ని చూసుకునే పెద్దావిడకి తోడుగా ఏడాదిపాటు అక్కడే ఉండి పనిచేసే మనిషి కావాలన్నారు. అమ్మడు అడిగింది, వాళ్ళు రమ్మన్నారు. ఆ సంగతి చెప్పి, “వెళ్ళనా అమ్మా?” అని అడిగితే జాగ్రత్తమ్మ అవుననలేదు, కాదనలేదు. “ఆ చొక్కా చేతులు పొట్టివయ్యాయి, విప్పి ఇలా ఇవ్వు,” అంది. మళ్ళీ అడిగితే లంగా అంచు ఊడిందంది. మూడోసారి అడిగేసరికి సరిచెయ్యాల్సిన బట్టలే మిగల్లేదు, అందుకని తలనొప్పి తెచ్చుకుంది.

అమ్మడు ఊరుకోలేదు. “నువ్వే వచ్చి చూడు. ఒక రాత్రి డేరాలో ఉండు. చూశాక వద్దంటే నేను వెళ్ళను, ఒట్టు. కానీ వద్దు అనే మాట నోటితో చెప్పాలి. వచ్చే వారం వాళ్ళకి జవాబివ్వాలి నేను.”

అదీ ఈ ప్రయాణం. జాగ్రత్తమ్మ డిక్కీలోకి ఉడికించిన గుడ్లూ, బ్రెడ్డూ, దుప్పట్లూ, రకరకాల మందులూ ఎక్కించింది గానీ, అన్నిటికంటే భద్రంగా పెట్టుకున్నది ‘వద్దు’ అనే మాటని. ఇస్త్రీ చేసి మడతపెట్టి సిద్ధంగా ఉంచుకుంది. అడవి దానికి తగ్గ కారణం ఇస్తే చాలు.

వెళ్ళేముందు చెయ్యాల్సిన పని ఇంకొకటి చేసింది. పిల్లల నాటకాల దుస్తులకి కుట్టగా మిగిలిన మువ్వలు దుకాణంలో ఉన్నాయి. అమ్మడి వానకోటు అంచు చుట్టూ మువ్వలు కుట్టింది. మొగుడి టోపీకి కుట్టింది. కుక్క మెడపట్టీకి అన్నిటికంటే పెద్ద మువ్వ కుట్టింది. ఎవరు ఎటు పోయినా చెవికి తెలియాలని.

మొగుడు టోపీ పెట్టుకుని తలాడించి చూశాడు. “నేను రోజూ లిఫ్టు గుంతల్లోకి దిగే మనిషిని కదా. అక్కడికి ఎప్పుడూ మువ్వ కుట్టలేదేం?”

“అక్కడ మీకు తాడు ఉంటుందండీ. అడవిలో తాడేది?”

అతను దానికి జవాబు వెతుక్కుంటూ కారెక్కాడు. మేనేజర్‌ని ఎత్తి వెనక సీట్లో పడేశారు. మేనేజర్ అంటే కుక్కే. పొట్టి కాళ్ళూ, బరువైన పొట్టా ఉన్న గోధుమరంగు కుక్క. ఏ పనీ చెయ్యదు, ఇతరులు పని చేస్తుంటే ఎదురుగా కూర్చుని చూసి నిట్టూరుస్తుంది. అందుకే ఆ పేరు.

డేరాల చోటుకి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పొడుగాటి చెట్ల మధ్య చదునైన నేల, ఓ పక్కన చెక్క గది. కురచ జుట్టు, మోకాళ్ళ దాకా బూట్లు ఉన్న పెద్దావిడ ఆ గదిలోంచి బయటికి వచ్చి, కారు దిగుతున్న వాళ్ళని చూసి తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

“మీరా? గొర్రెల మంద దారితప్పి వచ్చిందనుకున్నా.”

అమ్మడి ముఖం కందగడ్డలా అయింది. జాగ్రత్తమ్మ మాత్రం అది మెచ్చుకోలు అనుకుంది. మువ్వలు అంత దూరం వినబడ్డాయన్నమాట. ఆ ఉత్సాహంతోనే విచారణ మొదలుపెట్టింది.

“అక్కగారూ, ఇక్కడ పాములున్నాయా?”

“ఉన్నాయమ్మా.”

“ఎలుగుబంట్లు?”

“ఉన్నాయి. మనల్ని చూస్తే పారిపోతాయి.”

“వాటిని మనం చూస్తే?”

“మనమూ పారిపోతాం.”

జాగ్రత్తమ్మ గొంతు తగ్గించింది. “ఇక్కడికి వచ్చినవాళ్ళలో ఎవరైనా... పోయారా?”

“ఒకాయన పోయాడు,” అంది పెద్దావిడ. ఇస్త్రీ మడతల్లోంచి ‘వద్దు’ పైకి లేచింది. “ఎలాగండీ?”

“పొద్దున్నే ఎవరూ లేవకముందు. మా డేరా కూడా పట్టుకుపోయాడు.”

‘వద్దు’ మళ్ళీ మడతల్లోకి వెళ్ళిపోయింది.

డేరా వేసే పని తండ్రీ కూతుళ్ళు చూసుకున్నారు. మేనేజర్ ఎదురుగా కూర్చుని నిట్టూర్చాడు. మొగుడు లోపల దుప్పట్లు పరుస్తుండగా జాగ్రత్తమ్మ చుట్టూ తిరిగి మేకులన్నీ పరీక్షించింది. గట్టిగా ఉన్నాయో లేదో ఊరికే తెలియదు కదా, అందుకని ఒక్కొక్క తాడూ పట్టుకుని బలంగా లాగింది. మొదటివి గట్టిగానే ఉన్నాయి. చివరిది ఊడి చేతిలోకి వచ్చింది. డేరా మొత్తం మెల్లిగా, ఎవరో తీరిగ్గా కూర్చున్నట్టు, మొగుడి మీద కూర్చుంది.

ఆమె నోరు తెరిచేలోపే గుడ్డ కిందనుంచి, “ఉన్నా,” అని వినబడింది.

“చూశావా అమ్మడూ ఎంత ప్రమాదమో,” అంది జాగ్రత్తమ్మ, మేకు చేత్తో పట్టుకునే.

అమ్మడు చూసింది. ఆ మేకు వంకే చూసింది.

ఎండ కాస్త వాలాక జలపాతానికి బయల్దేరారు. ముందు అమ్మడు, వెనక మేనేజర్, ఆ వెనక మొగుడు, చివర జాగ్రత్తమ్మ. అందర్నీ చూసుకోవాలంటే చివరే నడవాలి. దారి పొడుగునా మువ్వలు ఘల్లుఘల్లుమంటుంటే ఆమె ప్రాణానికి హాయిగా ఉంది. ఇంత చక్కటి ఉపాయం ఎవరికీ తోచలేదేమిటా అని తనని తను మెచ్చుకుంది కూడా. అలా మెచ్చుకుంటూ ఉండగానే నీళ్ళ హోరు మొదలైంది. ముందు దూరంగా కుట్టుమిషను తిరుగుతున్నట్టు వినబడింది. మలుపు తిరిగేసరికి ఊళ్ళో మిషన్లన్నీ ఒకేసారి తిరిగినట్టయింది. ఆ హోరులో మువ్వల మాట ఎవడు వింటాడు.

పైనుంచి నీళ్ళు తెల్లగా, వెడల్పుగా, తానులు తానులుగా విప్పి పరుస్తున్నట్టు పడుతున్నాయి. చూడాల్సినదే. కానీ సరిగ్గా అప్పుడే ఆమె బూటు తాడు వదులైంది. జారితే ఇంకేమైనా ఉందా. కూర్చుని రెండు ముడులు వేసింది. నమ్మకం చాలక రెండో బూటుకి కూడా విప్పి వేసింది. తల ఎత్తేసరికి ముందు ఎవరూ లేరు.

“ఉన్నావా?” అని కేక వేసింది. ఆ కేక ఆమెకే వినబడలేదు.

ఆ సమయానికి తండ్రీ కూతుళ్ళు పెద్ద బండ వెనక, మడమల లోతు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. బండ దాటి నాలుగడుగులు వేసి ఉంటే జాగ్రత్తమ్మకి కనిపించేవాళ్ళు. కానీ ఆమె ఆలోచన అలా నడవదు. కనిపించడం లేదంటే పడ్డారు. పడ్డారంటే నీళ్ళు కిందికే తీసుకెళ్తాయి. కాబట్టి వెతకాల్సింది కింద. ఇంత తెలివిగా ఆలోచించి, బాట వదిలేసి, ప్రవాహం వెంట పరుగులాంటి నడకతో దిగింది.

కొంచెం కిందికి వెళ్ళగానే రాళ్ళ మధ్య గోధుమరంగుగా, ఉబ్బి, కదలకుండా పడి ఉన్న ఆకారం కనబడింది. మేనేజరే అనుకుంది. దగ్గరికెళ్తే అది నానిన దుంగ. ఇంకా కింద మొగుడి టోపీ కనబడింది. అది ఎండిన పెద్ద ఆకు. ఆ ఆకు కోసం వంగినప్పుడే కాలి కింద నేల జారింది. వాలులో కూర్చున్నట్టే జారుకుంటూ వెళ్ళి ఒక బురద గుంటలో ఆగింది.

దెబ్బలేం తగల్లేదు. లేవబోయింది, లేవలేకపోయింది. కోటు వెనక భాగం ముళ్ళపొదలో చిక్కుకుంది. మామూలు కోటైతే చిరిగి వదిలేసేది. ఇది తను స్వయంగా కుట్టుకున్న కోటు. ప్రతి అతుకూ మూడు వరసలు. తన చేతి కుట్టు ఊడదని లోకంలో అందరికంటే ఆమెకే బాగా తెలుసు. చిన్న కత్తెర తెచ్చుకుంది గానీ, జేబులో ఉంటే పడినప్పుడు గుచ్చుకుంటుందని డేరాలోనే వదిలేసింది. కాలు లాక్కుంటే పాదం వచ్చింది, బూటు రాలేదు. వేసిన రెండు ముడులతో సహా బురదలోనే భద్రంగా ఉండిపోయింది.

జలపాతం హోరు ఇక్కడికి కొంచెం తగ్గింది. ఆ తగ్గిన హోరు మీదుగా పైనుంచి ఒక గొంతు వినబడింది.

“అమ్మా... ఉన్నావా?”

ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు.

భయం వల్ల కాదు. భయం ఆ కేకతోనే పోయింది, వాళ్ళంతా బతికే ఉన్నారు. అడ్డొచ్చింది సిగ్గు. ‘ఉన్నా’ అంటే, ఎక్కడ అని అడుగుతారు. ఎక్కడని చెప్పాలి? అందరికీ మువ్వలు కుట్టి తనకి తను కుట్టుకోవాలని తోచని మనిషి బురదలో ఒంటి బూటుతో ఉందని చెప్పాలి. తప్పిపోయే జాబితాలో తను కూడా ఉండొచ్చని ఆమె కలలో కూడా అనుకోలేదు. ఒక్క క్షణం ఆగితే ఎలాగోలా విడిపించుకుని, ఊరికే అలా తిరిగొచ్చినట్టు పైకి వెళ్ళిపోవచ్చు.

“అమ్మా, ఉన్నావా?”

ఇంకొంచెం ఆగింది. కోటు వదల్లేదు.

మూడోసారి పిలిచినప్పుడు ఆ గొంతు మధ్యలో చీలింది. అప్పుడైనా పలకాల్సింది. కానీ ఆలస్యమయ్యేకొద్దీ పలకడం ఇంకా కష్టమైంది. ఇప్పుడు పలికితే, ఇందాక ఎందుకు పలకలేదని అడగరా? జీవితమంతా ఇంటిల్లిపాదినీ పలకమని చంపుకుతిన్న మనిషి, తన వంతు వచ్చేసరికి నోరు కుట్టేసుకుని కూర్చుంది. అక్కడ కూడా మూడు వరసలే వేసినట్టుంది.

పొదలు కదిలాయి. మేనేజర్ వచ్చాడు. మెడలో మువ్వ ఉంది గానీ బురద నిండిపోయి చప్పుడు లేదు. ఎదురుగా కూర్చుని ఆమెని పైనుంచి కింది దాకా చూశాడు. నిట్టూర్చాడు.

“వెళ్ళు నాన్నా, వెళ్ళి చెప్పు,” అని బతిమాలింది. మేనేజర్ లేచి, నాలుగడుగులు వేసి, బురదలో ఉన్న ఆమె బూటు మీద కూర్చున్నాడు.

కుక్క అడుగులు చూసుకుంటూ అమ్మడు వాలు దిగి వచ్చింది. చెట్టు మొదళ్ళు పట్టుకుంటూ, ఒక్కచోట కూడా జారకుండా దిగింది. ఆ నేర్పు చూసి జాగ్రత్తమ్మ ముచ్చటపడబోయింది గానీ కూతురి ముఖం చూసి ఆగిపోయింది. ఆ ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

“లేవలేనమ్మడూ, కోటు పట్టేసుకుంది. ఈ కుట్టు ఊడదు.”

“కోటు విప్పేయొచ్చు కదమ్మా,” అంది అమ్మడు.

జాగ్రత్తమ్మ కిందికి చూసుకుంది. గుండీలన్నీ ముందువైపే ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి గుండీలు కుడుతోంది. తల కొట్టేసినట్టయింది. ఒక్కొక్కటీ విప్పుకుని కోట్లోంచి బయటికి వచ్చింది.

“నేను పిలిచింది వినబడిందా?” అని అడిగింది అమ్మడు.

నీళ్ళ హోరులో వినబడలేదని చెప్పొచ్చు. నమ్ముతుంది కూడా. “వినబడింది,” అంది జాగ్రత్తమ్మ.

“మరి?”

జాగ్రత్తమ్మ మేనేజర్‌ని పక్కకి నెట్టి, బూటు కోసం బురదలో చెయ్యి పెట్టింది. అమ్మడు కోటుని ముళ్ళలోంచి విడిపించసాగింది. పైనుంచి మొగుడి టోపీ మువ్వలు గాబరాగా ఘల్లుమంటూ దగ్గరికొస్తున్నాయి.

సాయంత్రం డేరా ముందు కూర్చున్నప్పుడు అమ్మడే మాట ఎత్తింది. “నేను ఈ ఉద్యోగానికి రానులే అమ్మా. ఇంటికెళ్ళాక ఫోన్ చేసి చెప్పేస్తాను.”

జాగ్రత్తమ్మ చేతిలో బ్రెడ్డు ముక్క అలాగే ఉండిపోయింది. “ఎందుకు?”

“నువ్వు పలక్కపోయేసరికి నువ్వు నీళ్ళలో పడ్డావనుకున్నా. దుంగ కనబడితే అది నువ్వే అనుకున్నా. కాసేపటికే నా ప్రాణం పోయినంత పనైంది. నువ్వు రోజూ ఇలాగే ఉంటావా లోపల?” అమ్మడు మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుంది. “నిన్నలా వదిలేసి నేనిక్కడ ఉండలేను.”

ఇంకేం కావాలి. కోరుకున్నది నోరు విప్పకుండానే దొరికింది. ‘వద్దు’ ఇస్త్రీ నలగకుండా అలాగే ఉంది. మరి బ్రెడ్డు ముక్క గొంతు దిగదేం?

మొగుడు నీళ్ళ కోసం డబ్బా పట్టుకుని లేచాడు. “నాన్నా, జాగ్రత్త, అక్కడ రాళ్ళు జారతాయి,” అంది అమ్మడు. ఆ గొంతు విని జాగ్రత్తమ్మ ఉలిక్కిపడింది. తను మాట్లాడలేదు కదా అని నోరు తడుముకుంది కూడా.

ఆ రాత్రి ఏ జంతువూ రాలేదు. మేనేజర్ గురక విని దగ్గరికి రావడానికి భయపడి ఉంటాయి.

పొద్దున్న డేరా మడుస్తుండగా జాగ్రత్తమ్మ ఇంకొకటి చూసింది. చెట్లని చూస్తూ, రాళ్ళ మీద గెంతుతూ తిరిగే పిల్ల, ఒక రాయి మీద కూర్చుని బూటు తాడుకి ముడి వేసుకుంటోంది. వేసింది. ఒకసారి లాగి చూసింది. ఇంకో ముడి వేసింది.

అమ్మడి చిన్నప్పుడు తనకి జలుబు చేస్తే జాగ్రత్తమ్మ పిల్ల దగ్గరికి వెళ్ళేది కాదు, ముక్కుకి గుడ్డ కట్టుకుని దూరం నుంచే గాల్లో ముద్దు పెట్టేది, అంటుకుంటుందని. అంత జాగ్రత్తపడ్డ మనిషి ఈ భయాన్ని మాత్రం నిన్న ఒక్క పూటలో అంటించేసింది.

కారు బయల్దేరింది. జాగ్రత్తమ్మ ముందు సీట్లో కూర్చుని కూతురి వానకోటు ఒళ్ళో పరుచుకుంది. చిన్న కత్తెర తీసింది. కదిలే బండిలో కత్తెర వాడకూడదని ఆమె ఎంతమందికి చెప్పి ఉంటుందో. అంచు చుట్టూ ఉన్న మువ్వల కుట్లు విప్పడం మొదలుపెట్టింది. దారం మొండికేసింది. పంటితో కూడా లాగింది. ఊడిన మువ్వని ఊడినట్టే జేబులో వేసుకుంది. మొగుడు ఓరకంట చూసి మళ్ళీ చూపు రోడ్డు వైపు తిప్పుకున్నాడు.

చివరి మువ్వ కూడా ఊడాక, తల తిప్పకుండా, “వెళ్ళు,” అంది.

“ఎక్కడికి?” అంది వెనక సీట్లోంచి అమ్మడు.

“అడవికే. ఆ అక్కగారి దగ్గరికి. ఫోన్ చేసి వస్తున్నానని చెప్పు.”

“నీకు భయం కదమ్మా.”

“నాకెప్పుడు భయం లేదు? నువ్వు స్నానాల గదిలో ఉన్నా భయమే. అలాగని నువ్వు స్నానం మానేశావా?” కత్తెరని గుడ్డలో చుట్టి సంచీలో పెట్టింది. “ఆ భయం నా కొలతలకి కుట్టింది. నీకు సరిపోదు. నీ ఒంటి మీద చూడ్డానికి బాగాలేదు.”

మొగుడు దగ్గాడు, లేదా నవ్వాడు. ఎప్పుడూ తేడా తెలియదు.

“బురదలో ఒకటి మటుకు అర్థమైంది నాకు,” అంది ఆమె మెల్లిగా. “అక్కడికి దిగి రావడం నీకొచ్చు. నాకైతే కోటు విప్పుకోవడం కూడా రాలేదు.”

వెనకనుంచి జవాబు లేదు. చెట్లు పల్చబడ్డాయి. పొలాలు వచ్చాయి, పోయాయి. పెట్రోలు బంకు దగ్గర ఆగి మళ్ళీ కదిలారు. ఇళ్ళ పైకప్పులు మొదలయ్యాయి. ఒప్పుకుందో, అలిగిందో, నిద్రపోయిందో తెలియదు. కారు తలుపు సరిగ్గా పడక మలుపులో జారిపోయిందేమో. జాగ్రత్తమ్మ మెడ వెనక్కి తిరుగుతానంటోంది. తిప్పలేదు. రెండు చేతులూ వానకోటు కింద దాచుకుని రోడ్డు వంకే చూసింది.

ఇక ఆగలేకపోయింది.

“ఉన్నావా?”

మొగుడు అలవాటు కొద్దీ నోరు తెరవబోతే మోచేత్తో ఒక్కటి పొడిచింది. మేనేజర్ తోక సీటు మీద టపటపా కొట్టి ఆగింది. కారు తమ వీధి మలుపు తిరిగింది. దుకాణం తలుపు కనబడుతోంది. మొగుడు బండి ఆపాడు, తాళం తిప్పాడు. ఎవరూ దిగలేదు.

“ఉన్నా,” అంది అమ్మడు.